అత్తయ్య చూసిన కొల్లేరు

ఆ ఏడు క్రిస్మస్ సెలవులకి మద్రాసు తీసుకెళ్లమని అన్నయ్యా నేనూ గోల పెట్టాం. ఏలూరు హైస్కూల్లో పాఠాలు చెప్పే మా నాన్న, "ఊరి పక్కనున్న కొల్లేరే చూడలేదు, మీకు మద్రాసు కావాలా? పడవెక్కి పక్షుల్ని చూసొద్దాం" అన్నారు.

అన్నాక, వంటింటి వైపు చూసి నాలిక్కరుచుకున్నారు. అక్కడ మా మేనత్త ఉంది.

నాన్నకి ఆవిడ సొంత అక్క. మావయ్య తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లు గుమస్తా. నేను పుట్టకముందు, ఒక కార్తీకంలో ధాన్యం మాట్లాడడానికి లంక గ్రామాలకి పడవ మీద వెళ్లి, గాలివానలో చిక్కుకుని కొల్లేట్లో పోయారు. అత్తయ్యకి కబురు అందేసరికే అక్కడ దహనం కూడా అయిపోయింది. ఆవిడ పుట్టింటికి వచ్చేశాక మా ఇంట్లో ఎవరూ కొల్లేరు మాట ఎత్తేవారు కాదు.

అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నేనూ వస్తాను తమ్ముడూ" అంది.

"నీకేమైనా మతి పోయిందా?" అంది మామ్మ.

"కళ్లు మూసుకుంటే అదే కనిపిస్తోందమ్మా. నిజంగా ఎలా ఉంటుందో ఒక్కసారి చూడనివ్వు."



మర్నాడు తెల్లవారుతూనే ఎడ్లబండి మీద కొల్లేటి గట్టుకి చేరి, పడవ మాట్లాడుకున్నాం. పడవ మనిషి తెడ్డు వెయ్యకుండా, పొడుగాటి గెడతో నేలని పొడుస్తూ పడవని తోస్తున్నాడు. గూడబాతులు గుంపులుగా లేచి వెళ్తుంటే అన్నయ్య కేరింతలు కొట్టాడు. అమ్మ వాడి చెయ్యి నొక్కి ఊరుకోబెట్టింది. అత్తయ్య పక్షుల్ని చూడడం లేదు. గెడ ఎంతవరకు తడుస్తోందో చూస్తోంది.

"బాబూ, లోతు ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

"ఇదే లోతండీ అమ్మగారూ. ఈ రోజుల్లో నడుం దాటదండీ."

"ఇంతేనా?" అంది అత్తయ్య. "ఈ కాసిని నీళ్లలోనా మనిషి పోయింది?"

పడవ మనిషికి అర్థమైంది. గెడ ఆపి, "గాలివాన నాడు ఇలా ఉండదండీ. పడవ తిరగబడ్డాక కాళ్లకి నాచు చుట్టుకుంటే ఈతొచ్చినోడైనా లేవలేడండీ" అన్నాడు మెల్లగా.

అత్తయ్య చీర బిగించుకుని లేచింది. "అక్కా, వద్దు" అని నాన్న చెయ్యి పట్టుకున్నారు. "భయం లేదురా, వదులు" అని ఆవిడ మెల్లగా నీళ్లలోకి దిగింది. పడవ మనిషి కూడా దిగి పక్కన నిలబడ్డాడు. నీళ్లు నడుం దాకా వచ్చాయి. అత్తయ్య రెండు చేతులూ నీళ్లలో ముంచి అలాగే నిలబడి ఏడ్చింది. ఇంట్లో ఆవిడ ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. నాన్న తల తిప్పుకున్నారు. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

తరవాత ఆవిడే మూడు మునకలు వేసి, పడవెక్కి, "పిల్లలకి ఆకలేస్తుంది, అన్నం పెట్టు" అంది అమ్మతో. తనూ తింది.

ఇంటికొచ్చేసరికి మామ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. అత్తయ్యే పక్కన కూర్చుని, "నేను అనుకున్నట్టు లేదమ్మా. నీళ్లు తేటగా ఉన్నాయి" అని మొదలుపెట్టి దీపాలు పెట్టేవేళ దాకా చెప్పింది. మామ్మ కళ్లొత్తుకుంటూ విన్నది.

వేసవి సెలవులకి గుంటుపల్లి కొండకి వెళ్దామన్నది అత్తయ్యే. ఆ ఎండలో మాకంటే ముందు మెట్లెక్కి, బౌద్ధుల గుహలో చల్లటి రాతి మీద కూర్చుంది. నేను వెళ్లి ఆనుకుని కూర్చున్నాను.

"మీ మావయ్య చాలా గట్టిగా నవ్వేవారే. ఇక్కడైతే గుహంతా మారుమోగిపోయేది" అంది.

ఆయన గురించి ఆవిడ నాకు చెప్పిన మొదటి మాట అది.