ఇప్పచెట్ల దాకా వెనక్కి

మా తోటికోడలికి డ్రైవింగ్ లైసెన్సు పోయిన చలికాలంలో వచ్చింది. వచ్చాక కూడా ఆమె కారు తిరిగింది రెండు దారుల్లోనే. ఇంటి నుంచి చేనుకు, ఇంటి నుంచి కల్లూరు అంగడికి. అంతకు మించి దూరమైతే మా మరిది తాళం తీసుకునేవాడు. "దూరం పోయేదుంటే నేనున్న గదా" అనేవాడు. ఆయన చెడ్డమనిషి కాదు. భార్య స్టీరింగు పట్టుకుంటే పక్క సీట్లో కూర్చోవడం మాత్రం ఆయన వల్ల కాలేదు. కూర్చున్న రెండుసార్లూ తన వైపు లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉన్నాడు.

ఆ ఇంటికి నేను పెద్ద కోడలిని. ఆమె నాకంటే పదకొండేళ్లు చిన్నది. ఒకే ప్రహరీలో రెండు ఇళ్లు మావి. వంటలు వేరు, మిరపకాయలు ఎండబోసే కల్లం ఒకటి. మా పిల్లలు చదువులకు వెళ్లిపోయాక, మగవాళ్లు చేనుకు పోయాక, పగలంతా ఒకరి ముఖం ఒకరం చూసుకునేది మేమిద్దరమే. అయినా ఆమె డ్రైవింగు నేర్చుకుంటానని అడిగిన రోజు నేను ఆమె పక్షాన మాట్లాడలేదు. "ఇప్పుడు నీకు అదెందుకే" అన్నాను. ఆమె నాతో వాదించలేదు. మరునాటి నుంచి పొద్దున్నే వంట ముగించుకుని బస్సెక్కి సత్తుపల్లి వెళ్లి నేర్చుకుని వచ్చింది.

ఉగాది ఇంకా పది రోజులుందనగా, చివరి కోత మిరపకాయలు బస్తాలకెత్తి మగవాళ్లిద్దరూ లారీ వెంట ఖమ్మం మార్కెట్టుకు వెళ్లారు. అమ్ముడుపోయేదాకా అక్కడే ఉంటారు. ఒక్కోసారి మూడు రోజులు పడుతుంది. కల్లం ఊడ్చేశాం. ఊడ్చినా ఘాటు పోలేదు, గాలి వీచినప్పుడల్లా ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. మరునాడు పొద్దున నేను టీ తాగుతుంటే ఆమె వచ్చి గడప మీద కూర్చుంది.

"అక్కా, గోదారి చూసి ఎన్నేండ్లయింది నువ్వు?"

"ఏమో. మా చిన్నోని పుట్టెంట్రుకలకు పోయినం భద్రాచలం. మల్ల పోనే లేదు."

"పోదాం పా."

"ఇప్పుడా? ఏ బస్సుకు?"

"బస్సెందుకు? కారు వాకిట్లనే ఉన్నది."

నేను గ్లాసు కింద పెట్టి ఆమె ముఖం చూశాను. పరాచికం కాదు. తలంటుకుని, జుట్టు ముడేసుకుని, చీర బదులు చుడీదార్ వేసుకుని వచ్చింది. వద్దనడానికి నాకు వెంటనే కారణం దొరకలేదు. పనులేమీ లేవు. పులిహోర కలిపాను, పెరుగన్నం డబ్బాలో పెట్టాను, రెండు సీసాల నీళ్లు తీసుకున్నాను. మగవాళ్లకు ఫోను చేసి చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు, చెప్తే ఆగాల్సి వస్తుందని ఇద్దరికీ తెలుసు.

ఆమె సీటును బాగా ముందుకు జరుపుకుని, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, పెదవులు కదుపుతూ నడిపింది. మంత్రం చదువుతోందనుకున్నాను. చెవి పెడితే "క్లచ్చు, మూడు, వదులు" అంటోంది. నేను మొదటి గంట పైన ఉన్న పిడిని పట్టుకునే కూర్చున్నాను. దారి పొడుగునా మామిడి తోటల్లో పిందెలు గోలీలంత ఉన్నాయి. పామాయిల్ తోటల్లో గెలలు కోస్తున్నారు. చండ్రుగొండలో ఆగి టీ తాగాం. టీ కొట్టాయన ఆమె డ్రైవరు సీటులోంచి దిగడం చూసి, నన్ను చూసి, కారులో వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు. ఆమెకు నవ్వొచ్చింది. అక్కడి నుంచి నేను పిడి వదిలేశాను.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. ఆమెకు కారు వెనక్కి నడపడం రాదు. పరీక్ష రోజు ఎట్లాగో గట్టెక్కింది గానీ, ఆ తర్వాత రివర్స్ గేరు వేసిన పాపాన పోలేదు. మా వాకిలి పెద్దది. గేటులోంచి వచ్చి, కల్లం చుట్టూ తిరిగి, మళ్లీ గేటుకు ఎదురుగా ఆపుతుంది. కల్లూరులో అయితే ముందుకు వెళ్లడానికి వీలున్న చోటే ఆపుతుంది, లేకపోతే ఇంకో అర కిలోమీటరు పోతుంది. ఈ విద్య నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

చండ్రుగొండ దాటాక అడవి మొదలైంది. టేకు ఆకు మొత్తం రాల్చి కట్టెల్లా నిలబడి ఉంది. మోదుగ పూలు చెట్టు మీద కన్నా నేల మీదే ఎక్కువున్నాయి. మధ్య మధ్య ఏవో చెట్లు ఎర్రటి చిగురు వేశాయి. అద్దాలు దించాం. ఒక చోట రోడ్డు వెడల్పుగా ఉంది, పక్కన నాలుగైదు పెద్ద ఇప్పచెట్లు. పువ్వు రాలితే కనబడాలని చెట్ల కింద ఆకులు కాల్చారు, నేలంతా నల్లగా ఉంది. ఆ నల్లటి నేల మీద తెల్లగా ఇప్పపువ్వు. పులిసిన బెల్లం వాసన కారు నిండా కమ్ముకుంది.

అక్కడ ఒక ముసలామె చెయ్యెత్తింది. భుజాన సంచి, అందులో ఇప్పపువ్వు. తోటికోడలు కారు ఆపింది.

"ముందల ఊర్ల దింపుతరా బిడ్డా? నా బిడ్డ ఉన్నది ఆడ. ఇటు పోయే బస్సు మాపటి దాక రాదు."

"ఎక్కు పెద్దమ్మా."

ఆమె సంచిని ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో నిటారుగా కూర్చుంది. ఎవరు నడుపుతున్నారన్నది ఆమెకు పట్టలేదు. వాళ్ల గూడెం దగ్గరలోనేనట. ఈసారి పువ్వు బాగా రాలిందని, తెల్లవారకముందే వచ్చి ఏరకపోతే పశువులు తినేస్తాయని చెప్పింది.

ఇంకో రెండు వందల అడుగులు పోయామో లేదో రోడ్డు ఇరుకైంది. ఎడమ పక్క రోడ్డు పనికి పోసిన కంకర కుప్పలు, వరసగా. కుడి పక్క నీళ్ల పైపుల కోసం తవ్విన గుంత, ఇంకా పూడ్చలేదు. మధ్యలో ఒక బండి మాత్రమే పట్టేంత దారి. ముందు ఎత్తు మీద మలుపు. ఆ మలుపులోంచి బస్సు వచ్చింది.

బస్సు మా ముందుకు వచ్చి ఆగింది. మేమూ ఆగాం. డ్రైవరు కొంచెంసేపు చూసి దిగి వచ్చాడు. యాభై దాటిన మనిషి, మెడకు తువ్వాలు.

"అమ్మా, నా ఎనక రెండు ట్రాక్టర్లున్నయ్, చింతపండు లోడు. నేను జరగలేను. మీరే ఎనక్కి పోవాలె, ఇప్పచెట్ల కాడి దాక."

తోటికోడలు ఒకసారి వెనక్కి, ఒకసారి గుంత వైపు చూసింది. ఆయనకు విషయం అర్థమైంది.

"దిగుండ్రి. నేను తీసి పెడ్త. రెండు నిమిషాల పని."

"వద్దన్నా. నేనే తీస్త."

"బండి అలవాటున్నదా?"

"ఉన్నది." ఒక క్షణం ఆగి, "ఎనక్కి లేదు" అంది.

బస్సు కిటికీల్లోంచి ముఖాలు బయటకు వచ్చాయి. పిల్లను ఒళ్లో పెట్టుకున్న ఒకామె గట్టిగా అరిచింది, "అన్నా, జల్దీ కానీయ్. దవాఖానల చీటీలు బంద్ చేస్తరు."  ఇంతమంది మా వల్ల ఎండలో ఆగారు. నేను ఆమె మోచేయి పట్టుకుని, "ఇచ్చెయ్యవే. వాళ్లకు ఆలస్యమైతున్నది" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు. నేను ఆ మాటే అంటానని ముందే తెలిసినట్టు చూసింది.

"అక్కా, నువ్వు దిగి ఎనక నిలవడు. ఎటు పోవాల్నో చెప్పు."

దిగాను. ముసలామె కూడా సంచి సీట్లో వదిలేసి దిగింది. ఆమె రివర్స్ గేరు వేసింది. కారు ఒక్కసారిగా వెనక్కి దూకి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేసింది. ఈసారి వెనక భాగం కంకర వైపు పోయింది. నేను "రైట్, రైట్" అని అరిచాను. బస్సు కండక్టర్ల లెక్కన 'రైట్' అంటే పోనీయమనే అర్థం చేసుకుంటుందని ఆ తొందరలో తోచలేదు. కారు ఇంకా కంకర వైపే పోయి, బంపరు కుప్పలో గుచ్చుకుని కరకరమంది. బస్సులో ఎవరో నవ్వారు.

అప్పుడు ముసలామె నన్ను పక్కకు జరిపి తను నిలబడింది. ఆమెకు లెఫ్టు, రైటు లేవు.

"గుంత దిక్కు!" అంది చెయ్యి ఊపుతూ. "ఇంకొంచెం గుంత దిక్కు. ఆఁ, చాలు. ఇప్పుడు తిన్నగ రా."

కారు కంకర వదిలి బయటికొచ్చింది. డ్రైవరు కూడా ఇక తాళం అడగలేదు. కిటికీ పక్కన నడుస్తూ, "అద్దంల చూడకమ్మా, తల తిప్పి ఎనకకే చూడు. కాలు సగమే లేపు. మెల్లగ" అంటూ వచ్చాడు. ముసలామె "కంకర దిక్కు", "గుంత దిక్కు" అంటూ వెనక్కి వెనక్కి నడిచింది. నేను ఏ ఉపయోగం లేకుండా పక్కన నడిచాను. ఒకసారి కుడి వెనక చక్రం గుంత అంచుకు వచ్చి మట్టి పెళ్ల విరిగి కింద పడింది. ముసలామె "ఆగు!" అని అరిచిన అరుపుకు చెట్ల మీది పిట్టలు లేచాయి. కారు ఆగింది. ముందుకు ఒక మూర, మళ్లీ వెనక్కి.

పావుగంట పైనే పట్టింది. ఇప్పచెట్ల దగ్గర వెడల్పులోకి వచ్చి, కాలిన నేల మీద ఆపి, ఇంజను కట్టేసింది. బస్సు మా పక్కకు వచ్చాక డ్రైవరు తల బయట పెట్టి, "మంచిగనే తీసినవ్ గానీ, ఇంటికాడ పది దినాలు ఎనక్కే నడుపమ్మా" అన్నాడు. "అట్లనే అన్నా" అంది. పిల్లతో ఉన్నామె మా వైపు చూడనే లేదు. ఆమెకు దవాఖానాలో చీటీ దొరికిందో లేదో నాకు తెలియదు. ఆ సంగతి ఇప్పటికీ గుర్తొస్తుంది. తాళం ఇవ్వని తోటికోడలిది తప్పా, ఇచ్చెయ్యమన్న నాది తప్పా అని అడిగితే చెప్పలేను.

బస్సు, దాని వెనక ట్రాక్టర్లు పోయాక తోటికోడలు దిగి చెట్టు మొదట్లో కూర్చుంది.  నీళ్ల సీసా మూత తీయడం ఆమె వల్ల కాలేదు, నేను తీసిచ్చాను.

"మెడ పట్టేసింది" అంది, అంతే.

ముసలామె నేల మీది నుంచి రెండు పచ్చి పువ్వులు ఏరి, దుమ్ము ఊది, చెరొకటి ఇచ్చింది. "తినుండ్రి, బలం. ఒక్కటే తినాలె, అలవాటు లేనోళ్లకు తల తిరుగుతది." తియ్యగా, కొంచెం వగరుగా ఉంది. కమిలిన ద్రాక్షలా రసం వచ్చింది. ఆ తర్వాత ముగ్గురం కారెక్కి ఆ ఇరుకు దాటి వెళ్లాం. కూతురి ఊరి దగ్గర దిగుతూ ముసలామె, "నీకు కండ్లు మంచిగున్నయ్ బిడ్డా, ఈమెకే బయమెక్కువ" అని నన్ను చూపించి వెళ్లింది.

బూర్గంపాడు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గోదావరిలో నీళ్లు సగం, ఇసుక సగం. ఇసుక మీద ఎవరో దోస పాదులు వేసుకున్నారు. అవతల భద్రాచలం ఎండలో తెల్లగా కనిపిస్తోంది. వంతెన దాటి పోదామా అన్నాను. "వద్దక్కా, అక్కడ కారు పెట్టే జాగ ఉండదు" అంది. చెట్టు నీడన కూర్చుని పులిహోర తిన్నాం.

"ఆ బస్సు డ్రైవరుకు ఇస్తే ఏమయ్యేది? మంచోడే గదా" అన్నాను.

"మంచోడే. కానీ ఇయ్యాల ఇచ్చిన్నంటే రేపు మల్ల స్టీరింగు పట్టను. నా సంగతి నాకు తెలుసు."

అప్పుడు నేను ఆమెకు ఎన్నడూ చెప్పనిది చెప్పాను. పెళ్లయిన కొత్తలో, ఆమె మా ఇంటికి రాకముందు, మా ఆయన నాకు స్కూటీ కొనిచ్చాడు. నెల రోజులు నడిపాను. ఒకరోజు కల్వర్టు దగ్గర గేదెలు అడ్డమొస్తే జారిపడ్డాను. దెబ్బలేమీ తగల్లేదు. చేనులో పనిచేసేవాళ్లు పరుగెత్తుకొచ్చి లేపారు. వాళ్లలో ఒకతను, "నేను తోల్కొస్త, మీరు నడిచి పోండమ్మా" అన్నాడు. ఇచ్చాను. ఆ రోజు తర్వాత దాన్ని ముట్టుకోలేదు. రెండేళ్లకు ఎవరికో అమ్మేశారు.

ఆమె తినడం ఆపి విన్నది. "బండి ఉన్నదని నాకెప్పుడూ చెప్పలేదేంది?" అంది.

"చెప్పుకునేదేమున్నది?"

పెరుగన్నం ఆమె వడ్డించింది.  నాకు ఏడుపేమీ రాలేదు. ఇన్నేళ్లు ఆ సంగతి మరిచిపోయాననుకున్నాను, మరిచిపోలేదని తెలిసింది, అంతే.

తిరుగు దారిలో కంకర కుప్పలు రాకముందే ఆమె కారు ఆపి, నన్ను మలుపు దాకా నడిచి చూసి రమ్మంది. వెళ్లి చూశాను. అటువైపు ఎవరూ లేరు. చెయ్యి ఊపాను. వచ్చి ఎక్కించుకుంది. చీకటి పడకముందే ఇల్లు చేరాం.

మగవాళ్లు ఆ తర్వాత రెండో రోజున వచ్చారు. మా మరిది కారు చుట్టూ తిరిగి వెనక బంపరు దగ్గర ఆగాడు. మూడు గీతలు, ఒక చోట రంగు లేచిపోయింది.

"ఇదేంది?"

"కంకరకు గీసుకున్నది. గోదారికి పోయినం, నేను, అక్క."

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు.  "గోదారికా" అని తనలో తను అనుకుంటూ కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. బంపరుకు రంగు ఇంకా వేయించలేదు.

మరునాటి నుంచి ఆమె రోజూ సాయంత్రం ఖాళీ కల్లంలో నాలుగు ఇటుకలు పెట్టుకుని వాటి మధ్య వెనక్కి నడుపుతోంది. నేను అరుగు మీద కూర్చుని "గేటు దిక్కు", "గోడ దిక్కు" అంటుంటాను. నన్ను కూడా నేర్చుకొమ్మంటోంది. వానలు పడ్డాక చూద్దామన్నాను. ఆమె నమ్మలేదు. నేనూ సగమే నమ్మాను.