మీసాలు పెట్టుకుని మాయమైన బడి

ఒక బడిని, పిల్లలతో సహా, పట్టపగలు, తల్లిదండ్రుల కళ్లెదుటే మాయం చేసిన ఘనుణ్ని నేను. ఇంద్రజాలం నేర్చుకోలేదు. నేర్చుకున్నదల్లా యాప్‌లు తయారుచెయ్యడం. ఆ రోజు నేను చేసిన ఘనకార్యం విన్నాక నన్నెంత తిట్టుకున్నా ఫర్వాలేదు గానీ, మా ఆవిడ ముందు మాత్రం ఆ కథ ఎత్తకండి. ఆవిడ నాకంటే బాగా చెబుతుంది.

అసలు నాకో జబ్బుంది. సవ్యంగా పనిచేస్తున్న వస్తువు కనిపిస్తే చేతులు దురదపెడతాయి. ఫ్యాను తిరుగుతుంటే, ఇంకొంచెం బాగా తిరగదా అని విప్పి చూస్తాను. మేముంటున్న ఈ పరాయి దేశంలో, మా ఇంటి దగ్గరి సెంబవాంగ్ స్టేషన్‌లో రైలు వచ్చేలోపు ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే ఉంటాను. అలాంటివాణ్ని పట్టుకొచ్చి చోవా చూ కాంగ్ అనే పేటలోని వారాంతపు తెలుగు బడికి హెడ్‌గా కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారని మాటవరసకు అన్నాను. నేను కూర్చున్నదెప్పుడు!

బడి అంటే పెద్ద భవనం ఊహించుకోకండి. ఫ్లాట్ల బ్లాకు కింద ఒక గది, దాన్నానుకుని చిన్న హాలు. పాఠాలు చెప్పేది సరోజా ఆంటీ. మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగావిడ. తెలుగులో మొదలుపెట్టి, తమిళంలో కోప్పడి, మలయ్‌లో భోజనానికి పిలుస్తుంది. పిల్లలు ఇంగ్లీషులో జవాబిచ్చినా వినిపించనట్టు కూర్చుని, తెలుగులో చెప్పేదాకా కదలనివ్వదు. మా మేఘన అఆలు దిద్దింది ఆవిడ ముందే.

ఆ గదికి ఎసరొచ్చింది. కరోకే పాడుకునే అంకుల్స్ బృందం ఒకటి శనివారాలు అదే గది కావాలని అర్జీ పెట్టింది. గదులు కేటాయించే అధికారి మిస్టర్ టాన్. మా వార్షికోత్సవం చూశాక ఎవరికివ్వాలో తేలుస్తానన్నాడాయన. గది పోతే బడి పోయినట్టే. పిల్లల్ని ఏ చెట్టు కింద కూర్చోబెడతాం? నాకు నిజంగానే గుబులు పట్టుకుంది. గుబులు పడితే బుద్ధిమంతులు ఆలోచిస్తారు. నేను యాప్ తయారుచేశాను.

గుమ్మం దగ్గర స్టాండు మీద ఒక ట్యాబ్లెట్. పిల్లలు దానికి మొహం చూపిస్తే "స్వాగతం" అంటుంది, హాజరు వేసుకుంటుంది. రానివాళ్ల ఇళ్లకు ఫొటోతో సహా మెసేజ్ పంపిస్తుంది. పరీక్ష కోసం ముందు నన్నే విద్యార్థిగా నమోదు చేసుకుని, గార్డియన్ గడిలో మా ఆవిడ సునీత నంబరిచ్చాను. మెసేజ్ ఎలా ఉందో చూడమని ఆవిడకే చూపించాను.

పైన నా ఫొటో. కింద: "మీ చిరంజీవి వెంకట్ కనబడుట లేదు. వెంటనే స్పందించగలరు."

సునీత ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూసింది. "ఏమండీ, ఇది హాజరు మెసేజా, పేపర్లో తప్పిపోయినవాళ్ల ప్రకటనా? ఆచూకీ చెప్పినవారికి బహుమతి ఒక్కటే తక్కువ."

"గ్రాంథికంగా ఉంటే హుందాగా ఉంటుంది."

"రాలేదు అని రాయొచ్చుగా?"

"దాంట్లో బరువేముంది?"

బరువు చాలదేమోనని సైరన్ మోత కూడా పెట్టాను. మెసేజ్ వెళ్లిన ప్రతి ఇంటి నుంచీ జవాబొచ్చేదాకా ఆ ఫోన్లన్నీ మోగుతూనే ఉండాలి. హెడ్ అంటే ముందుచూపు ఉండాలి కదండీ!

వార్షికోత్సవం రానే వచ్చింది. నాటకం పేరు "రాజుగారి కొలువు". రాజు, మంత్రి, సేనాపతి, పౌరులు. ఆడపిల్లలు సహా అందరికీ మీసాలు ఉండితీరాలని సరోజా ఆంటీ శాసనం. తల్లులు ఇంటిదగ్గరే గమ్ రాసి, కోరమీసాలు అంటించి, కిరీటాలు పెట్టి, పిల్లల్ని రైళ్లెక్కించి తెచ్చారు. మా మేఘనే రాజు.

నేను తలుపు దగ్గరకూ తెర వెనక్కూ తిరుగుతూనే ఉన్నాను. మిస్టర్ టాన్ రాగానే ట్యాబ్లెట్ చూపించి, "ఒక్క పిల్లవాడు రాకపోయినా క్షణంలో ఇంటికి తెలిసిపోతుంది" అని గొప్పలు చెప్పాను. ఆయన తలాడించి ముందు వరసలో కూర్చున్నాడు. ఇంతలో ఆంటీ నన్ను తెర వెనక్కి లాక్కుపోయింది.

"ఎన్న తంబీ ఇది! నువ్వు తిరుగుతుంటే నాకు తల తిరుగుతోంది. ద్వారపాలకుడి వేషం పిల్లాడికి జ్వరం. ఇదిగో గడ్డం. ఈటె పట్టుకుని రాజు పక్కన నిలబడు."

"ఆంటీ, డైలాగ్?"

"లేదు. కదలకపోవడమే నీ డైలాగ్."

గమ్ దట్టంగా పూసి, బొడ్డు దాకా వేలాడే గడ్డం అంటించేసింది. సరిగ్గా అదే సమయంలో గుమ్మం దగ్గర నా ట్యాబ్లెట్ మీసాల పిల్లల్ని ఒక్కొక్కరినే చూస్తూ "మీరెవరో తెలియలేదు" అంటోందని నాకేం తెలుసు? పిల్లలు పాపం దానికి మర్యాదగా దణ్ణం పెట్టి లోపలికొచ్చేశారట.

తెర లేచింది. మేఘన మీసం మెలేసింది.

"మహామంత్రీ! మన రాజ్యమున ప్రజలందరూ క్షేమమేనా?"

"క్షేమమే ప్రభూ! ఒక్కరికీ ఏ లోటూ లేదు!"

హాలంతా ఒక్కసారిగా సైరన్లు మోగాయి.

"ఏవండీ! మనవాడు కనబడుట లేదంట!" ఒకావిడ గావుకేక పెట్టింది.

"ఇప్పుడేగా లోపలికి పంపించాను!"

"పంపిస్తే ఫొటో ఎందుకేస్తారండీ?"

అప్పటికే ఎవరో ఆ ఫొటోలను వాట్సాప్ గ్రూపుల్లోకి తోసేశారు. గుంటూరు నుంచి ఒక అమ్మమ్మ వీడియో కాల్‌లోకి వచ్చి, "పిల్లాణ్ని ఎక్కడ పారేసుకున్నారే!" అని ఏడుపందుకుంది. కాఫీ తాగడానికి పక్కనే, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కు వెళ్లిన నాన్నలు కప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. తల్లులు స్టేజీ ఎక్కేశారు. మీసాల్లో అందరూ ఒక్కలాగే ఉన్నారాయె. ఒక మీసం పీకి చూడటం, "వీడు మావాడు కాదు" అని మళ్లీ అక్కడే అతికించడం!

"ఆంటీ, పెయిన్‌ఫుల్ లా!" సేనాపతి ఏడుస్తున్నాడు. ఏడుపులో కూడా మాట చివర ఈ ఊరి 'లా' మాత్రం పోలేదు.

నా అవస్థ చెప్పడానికి మాటలు చాలవు. పుట్టి బుద్ధెరిగాక కుదురుగా నిలబడని మనిషిని, ఆ ఒక్క గడియా కుదురుగా నిలబడాలి. పక్కనుంచి ఆంటీ కళ్లు ఎర్రజేసి చూస్తోంది. ముందు వరసలో మిస్టర్ టాన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. గది పోయింది, బడి పోయింది అనుకున్నాను. ఇక ఆగలేక ఈటె పారేసి, గడ్డం ఊపుకుంటూ ట్యాబ్లెట్ దగ్గరికి దూకాను.

ఆ మోత మధ్యలో ఆపాలంటే దానికి హెడ్ మొహం చూపించాలి. అదీ నా ముందుచూపే. చూపించాను.

"క్షమించండి. మీరెవరో తెలియలేదు."

"నేనే! నిన్ను చేసింది నేనే!"

"క్షమించండి. మీరెవరో తెలియలేదు."

గడ్డం లాగాను. గమ్ వదల్లేదు. ఇంతలో రాజుగారు కిరీటం జారిపోతుంటే పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"నాన్నా, ప్లీజ్, స్టాండ్ స్టిల్ లా!" అని మేఘన గడ్డం పట్టుకుని ఒక్క లాగు లాగింది. గడ్డం ఊడింది. దాంతోపాటు నా సొంత మీసం సగం ఊడింది. మిగతా సగం చూసి ట్యాబ్లెట్ కాసేపు తటపటాయించి, చివరికి జాలిపడింది.

"స్వాగతం, వెంకట్."

సైరన్లు ఆగాయి. ఎవరి పిల్లల్ని వాళ్లు కావిలించుకుని కూర్చున్నారు. నేను సగం మీసంతో మిస్టర్ టాన్ ముందు నిలబడ్డాను. ఆయన లేచి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"నేను ఫైర్ డ్రిల్ పెడితే బ్లాకు మొత్తంలో ఒక్కరూ కిందికి రారు లా! మీ తల్లిదండ్రులు ఒక్క మెసేజ్‌కి ఎంత స్పీడ్‌గా వచ్చారు! పిల్లల మీద ఇంత శ్రద్ధ నేనెక్కడా చూళ్లేదు. గది మీదే."

హాలంతా చప్పట్లు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మీసం మంట కొంత, సంతోషం కొంత. "కానీ ఒక షరతు," అని ఆయన ట్యాబ్లెట్ వైపు వేలు చూపించాడు. "ఆ మెషీన్ మళ్లీ లోపలికి రాకూడదు."

"మెషీనే కాదు, ఈ తంబీ కూడా హెడ్‌గా వద్దు," అంది సరోజా ఆంటీ. "ఇకనుంచి నేనే హెడ్. నువ్వు కుర్చీలు సర్దు. తిరిగే పనే, నీకు పడుతుంది."

కుర్చీలన్నీ సర్దాక ట్యాబ్లెట్ మూసేద్దామని కూర్చున్నాను. దాంట్లో తల్లిదండ్రుల జవాబులు వరసగా ఉన్నాయి. "ఎక్కడున్నాడు?" "పోలీసులకు చెప్పారా?" "దేవుడా, దేవుడా!" వాటి మధ్య నా ఫొటో. గడ్డం తగిలించుకుని స్టేజీ మీద నిలబడ్డ నన్ను కూడా అది వదల్లేదు. "మీ చిరంజీవి వెంకట్ కనబడుట లేదు. వెంటనే స్పందించగలరు."

స్పందించినవాళ్లందరిలోకీ మొదటి జవాబు మా ఆవిడదే. ఎంతో నిదానంగా, ఒక్క అచ్చుతప్పు లేకుండా ఉంది.

"దొరికితే మీరే ఉంచుకోండి."

అందుకని, మిగిలిన ఆ సగం మీసం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: సవ్యంగా నడుస్తున్న ఏ బడినీ, ఏ ఫ్యానునూ ఇక బాగుచెయ్యను. ఒకవేళ చెయ్యి ఊరుకోక చేసినా, గార్డియన్ గడిలో మాత్రం మా అమ్మ నంబరే ఇస్తాను.