టెంకాయ కోసం ఆగిన బస్సు

ఆ బస్సు నేనే కొనిచ్చాను. ఎవరైనా ఆ మాట మెచ్చుకోలుగా అంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. ఇతరుల వ్యాపారాల్లో పెట్టుబడి పెట్టడం నా పని. వచ్చినదాంట్లో కొంత తీసి పిల్లల చదువుల కోసం ఒక ట్రస్టు నడుపుతున్నాను. బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున ఒక మత్స్యకారుల ఊళ్ళో పిల్లలు హైస్కూలు దూరమై మధ్యలోనే మానేస్తున్నారని తెలిసి బస్సు ఇచ్చాను.

ఒక ఆదివారం ఉదయం ఎనిమిదింటికి ప్రారంభం. అదే రోజు పదింటికి కావలిలో గురుకులం ప్రవేశ పరీక్ష. ఆ ఊరి నుంచి ఒక్క అమ్మాయే రాస్తోంది. తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి. మరుసటి ఏడాదికి పిల్లకి వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. బస్సు మొదటిసారి కదిలేది ఆ పిల్లని పరీక్షకి తీసుకెళ్ళడానికే కావాలని నేనే అన్నాను. ఆ ఆలోచనకి నాకు నేనే మురిసిపోయాను కూడా.

ఆ పొద్దున నెల్లూరులో బయలుదేరి ఉత్తరానికి పోవాల్సినవాణ్ణి, దక్షిణాన ముత్తుకూరు వెళ్ళాను. అక్కడ ఒకాయన కోల్డ్ స్టోరేజీ కడుతూ పెట్టుబడి కోసం చూస్తున్నాడు. ఒక్క పది నిమిషాలు చూసి పోదామనుకున్నాను. చూశాక టిఫిను, టిఫిను తర్వాత కాఫీ. పరీక్ష సంగతి శుభ్రంగా మర్చిపోయాను.

ఊరు చేరేసరికి తొమ్మిదింబావు. అప్పటికింకా సమయం ఉంది, నన్ను దహించేది అదే. పూలదండ వేశారు, శాలువా కప్పారు, కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి ముందు వరసలో అట్ట, హాల్ టికెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అవి చూసినా పరీక్ష గుర్తు రాలేదు; చెంప తట్టి, బాగా చదువుకోమ్మా అన్నాను. తర్వాత మైకు పట్టుకుని చదువు విలువ గురించి అరగంట మాట్లాడాను. ఊరి బడి పంతులు గారు, ట్రస్టు మేనేజరు, ఊరి పెద్దలు అందరూ వాచీలు చూసుకుంటూనే చప్పట్లు కొట్టారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నేను టెంకాయ కొట్టి జెండా ఊపేటప్పటికి పది దాటింది.

బస్సు పన్నెండు కాకముందే తిరిగొచ్చింది. గేటు మూసేశారట, ఎంత బతిమాలినా తీయలేదట. అప్పుడు గుర్తొచ్చింది నాకు. మేనేజరు మీద విరుచుకుపడ్డాను. ఊరిపెద్దని పట్టుకుని, ఆటో ఉంది కదా, అందులో ఎందుకు పంపలేదని గద్దించాను.

"కొత్త పడవ కొంటే కొన్నాయన టెంకాయ కొట్టందే ఎవరమూ దాంట్లో కాలు పెట్టం సార్," అన్నాడాయన నెమ్మదిగా. "మీ బస్సు గూడా అట్టనే అనుకున్నాం. బస్సు ఎదురుగా పెట్టుకోని పిల్లని ఆటోలో పంపిస్తే మిమ్మల్ని చిన్నబుచ్చినట్టు గదా. మీరు మాట్లాడతా ఉంటే మధ్యలో ఎట్ట లేచేది?"

ఆ మర్యాదని చూస్తే అసహ్యం వేసింది. పిల్ల బతుకు కంటే నా మాట ఎక్కువైపోయిందా వీళ్ళకి అనుకున్నాను. కానీ ఆ మర్యాద ఎవరికి కావాలి? నాకే. నేను లేకుండా ఏ ఊళ్ళోనూ రిబ్బను కత్తిరించవద్దని మేనేజరుకి చెప్పింది నేనే. ఎన్ని ఊళ్ళలో పిల్లల్ని ఎండలో నిలబెట్టి ఆలస్యంగా దిగానో లెక్కే లేదు. ఎక్కడా ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి తప్పని తోచలేదు.

అమ్మాయి ఏడవలేదు. అట్ట చేతిలో పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. నేను వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి, కావలిలో ఏ బళ్ళో చేర్చినా, ఎంత చదివినా మొత్తం నేనే భరిస్తానన్నాను. అక్కడున్నవాళ్ళు ఆమె దండం పెడుతుందని చూస్తున్నారు. నిజం చెప్పాలంటే నేనూ చూశాను.

ఆమె చేతులు చీరకొంగుతో తుడుచుకుంది. "చదివించండి సార్, వద్దనను. మీరు మటుకు రాబాకండి," అంది.

ఎంత పొగరు అనుకున్నాను. ఆ పిల్ల పరీక్ష పోగొట్టి పూట కూడా గడవలేదు, నా మనసులో మొదట వచ్చిన మాట అది.