ఒకటో నంబరు చీటీ

క్యూ బాబాయి గారికి ఒక్కటే జబ్బు. ఎక్కడ వరుస కనిపించినా వెళ్ళి చివర నిలబడతారు. ఆ వరుస దేనికో అడగరు. తీరా తన వంతు వచ్చాక వెనకాల ఉన్నవాళ్ళతో "మీరు కానివ్వండి" అని, మళ్ళీ చివరికి పోతారు.

ఒకసారి వాళ్ళావిడ పాలకి పంపితే రెండు గంటలకి ఖాళీ గిన్నెతో వచ్చారు.

"దొరకలేదా?"

"దొరికేవే. వెనకాయన చంటిపిల్లతో ఉన్నాడు."

"ఆయనయ్యాక?"

"అతని వెనకాల ముసలావిడ ఉంది."

అప్పట్నుంచి ఆవిడ పాలు తనే తెచ్చుకుంటోంది. ఎవరో తెలియని పెళ్ళిలో కానుకల వరుసలో నిలబడి, పెళ్ళికూతురి ముందుదాకా వెళ్ళి "మీరు కానివ్వండమ్మా" అని వచ్చేశారని కూడా అంటారు. ఆయన కాదనలేదు.

ఇలాంటి మనిషిని ఒక ఫౌండేషన్ వాళ్ళు ఉద్యోగంలో పెట్టుకున్నారు. పేటల్లో ఉన్న చిన్న ఆస్పత్రులు సాయం కోరుతూ దరఖాస్తు పెడితే, ఇవ్వచ్చో లేదో ఈయన వెళ్ళి చూసి చెప్పాలి.

కుట్టు ఫ్యాక్టరీ వెనక సందులో ఉన్న ఆస్పత్రి నర్సమ్మ అప్పటికి రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. రెండుసార్లూ గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చింది. ఇది మూడోది. ఇదీ పోతే ఏడాది చివర ఆస్పత్రికి తాళం వేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. అడిగింది రక్తపరీక్ష మెషీను. దానికోసం గోడలకి సున్నం వేయించి, బల్ల మీద కొత్త గుడ్డ పరిచి, నర్సమ్మ సోమవారం గుమ్మంలో నిలబడింది.

బాబాయి గారు వచ్చారు. గుమ్మం వైపు చూడకుండా చీటీ తీసుకుని బెంచీ చివర కూర్చున్నారు.

"సార్, మీకు లోపల కుర్చీ వేశాం."

"నాది ముప్పై నాలుగమ్మా. ఇప్పుడు ఆరు నడుస్తోంది."

ముప్పై నాలుగు పిలిచారు. "మీరు కానివ్వండి" అని వెళ్ళి ఇంకో చీటీ తీసుకున్నారు. మధ్యాహ్నం రెండింటికి ఆస్పత్రి మూసేదాకా అదే తంతు. మంగళవారం అంతే. బుధవారం కూడా అంతే.

"ఈయన మనల్ని చూడ్డానికొచ్చాడా, మనకి చూపించుకోడానికొచ్చాడా?" అన్నాడు డాక్టరు.

"రెండూ చెయ్యట్లేదు" అంది నర్సమ్మ. ఆవిడకి ఒళ్ళు మండిపోతోంది. సున్నం అప్పుడే పెచ్చులూడుతోంది కూడా.

శుక్రవారానికి ఆవిడ ఓపిక నశించింది. రిజిస్టరు పట్టుకెళ్ళి బెంచీ మీద ఆయన పక్కన కూలబడింది.

"లోపలికి రారు, ఏమీ అడగరు. రిపోర్టులో ఏం రాస్తారు సార్? కనీసం ఇది చూడండి. రోజుకి పన్నెండు మందికి నయమైపోతోంది."

నిజానికి పిలిస్తే పలకని వాళ్ళందరినీ ఆవిడ 'నయమైంది' అన్న గడిలో రాస్తుంది. నయం కాకపోతే ఎందుకు వెళ్ళిపోతారని ఆవిడ నమ్మకం. దరఖాస్తులోనూ ఆ సంగతి గొప్పగా రాసింది, మూడుసార్లూ.

బాబాయి గారు జేబులోంచి చిన్న పుస్తకం తీశారు.

"వీళ్ళకి నయం కాలేదమ్మా. తొమ్మిదిన్నరకి పనిలోకి పిలుస్తూ ఫ్యాక్టరీ సైరన్ మోగింది."

బాబాయి గారు పుస్తకంలో పేజీ తిప్పారు.

"నీలం సంచీ ఆవిడ మూడు రోజులు వచ్చింది. మూడు రోజులూ సైరన్ మోగాక దగ్గుకుంటూ లేచి వెళ్ళిపోయింది. నా చీటీ ఇద్దామంటే నాది ఆవిడకన్నా వెనకది. అందుకని నిన్న ఆరింటికే వచ్చి ఒకటో నంబరు తీసుకున్నాను."

నిన్న ఒకటో నంబరుతో వచ్చిన మనిషి నర్సమ్మకి బాగా గుర్తుంది. ఆర్నెల్ల దగ్గు. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా?" అని కసిరింది కూడా. ఆ మనిషి పేరు తన రిజిస్టరులో 'నయమైంది' గడిలో మూడుసార్లు ఉంది. నర్సమ్మకి సిగ్గేసింది.

"అయితే మెషీను..."

"వచ్చే ఏడాది అడగండి. ముందు పరీక్షకి రక్తం ఇచ్చే మనిషి తన వంతుదాకా ఆగాలి కదా."

మెషీను రాలేదు. ఇంకో నర్సు జీతం, సాయంత్రం డాక్టరు జీతం వచ్చాయి. తాళం మాట ఎవరూ ఎత్తలేదు. ఫ్యాక్టరీ వదిలాక తెరిచే సాయంత్రం ఆస్పత్రికి మొదటిరోజు ఫౌండేషన్ పెద్దలు వచ్చి రిబ్బను కత్తిరించి ఫొటోలు దిగారు. ఫొటోలో బాబాయి గారు లేరు. ఎక్కడుంటారో నర్సమ్మకి తెలుసు. వరుస చివరనుంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

"మీ వెనకాల ఎవరూ లేరు. చెయ్యి చాపండి."

చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. ముల్లు పైకి పోయి అక్కడే కాసేపు ఆలోచించింది.

"బీపీ ఎప్పుడైనా చూపించుకున్నారా సార్?"

"చాలాసార్లు వరుసలో నిలబడ్డానమ్మా."

"డాక్టరు గారికి చూపించుకోవాలి. అదిగో వరుస."

ఆ మాట విని ఆయన హాయిగా లేచారు. పది నిమిషాల్లో వంతు వచ్చింది. అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి నోరు తెరిచారు. వెనకాల నీలం సంచీ ఆవిడ.

"మీరు కానివ్వండి" అంది ఆవిడ.

బాబాయి గారు ఆవిడ వెనకాయన వైపు ఆశగా చూశారు. ఆయన కూడా తల అడ్డంగా ఊపాడు. ఇక దారిలేక, జీవితంలో మొదటిసారి, ఆయన లోపలికి వెళ్ళారు.