పచ్చి కుండ మీద తారాబాయి

ముంబై కామాఠీపురాలోని ఆ తెలుగువాళ్ల గల్లీలో పోచమ్మ తల్లి ఏడాదికి ఒక్కసారే మాట్లాడుతుంది. ఆషాఢ మాసంలో బోనాల ఆదివారం నాడు, అదీ తారాబాయి నోటితో. తక్కిన రోజుల్లో ఆ నోటికి నాగ్‌పాడాలో ఒక పళ్ల డాక్టరు దగ్గర ఉద్యోగం. గుమ్మం పక్కన స్టూలు వేసుకుని, లోపలికి వెళ్లవలసిన వాళ్ల పేర్లు పిలుస్తుంది. ఆ పిలుపు వింటే పంటి నొప్పి ఉన్నవాడు అది మరిచిపోయి లేచి నిలబడతాడు. దేవత ఆమెను దేనికి ఎంచుకుందో మానవులకు తెలియదు గాని, డాక్టరు మాత్రం గొంతు చూసే ఎంచుకున్నాడు.

అమ్మ పలికే పదవి తారాబాయికి అత్తగారి నుంచి సంక్రమించింది. కాల్చని పచ్చి కుండ మీద నిలబడాలి. డప్పు మోగాలి. అరికాళ్ల నుంచి వేడి పైకెక్కాలి. ఆ తర్వాత ఏమవుతుందో ఆమెకు తెలియదు. తెలివి వచ్చేసరికి ఎవరో మొహాన నిమ్మకాయ నీళ్లు కొడుతూ ఉంటారు. ముప్ఫై ఏళ్లుగా అడిగే ప్రశ్నలూ పెద్ద కష్టమైనవి కావు. "ఈ యేడు వానలు పడతయా తల్లీ?" అంటారు. జులై నెలలో ముంబైలో నిలబడి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి దేవతే దిగి రానక్కరలేదు. అయినా తల్లి పెద్దమనసుతో వచ్చి చెప్పి వెళ్లేది.

చిక్కంతా పోయిన ఏడాది మొదలైంది. బోనాల మర్నాడు కోడలు మయూరి బట్టలు మడతపెడుతూ నోరు జారింది.

"అత్తమ్మా, నిన్న అమ్మోరు ఆరెంజ్ అలర్ట్ ఇచ్చింది, మాలూమా?"

"ఏమిచ్చింది?"

"రానున్న ఇరవై నాలుగు గంటల్లో అక్కడక్కడ భారీ నుంచి అతి భారీ వర్షాలు అన్నది. అచ్చం టీవీ తీరుగనే. అందరు దండం పెట్టిన్రు. నాకే నవ్వొచ్చింది."

కోడలు నవ్వి ఊరుకుంది. తారాబాయికి మాత్రం ఆనాటి నుంచి మనశ్శాంతి పోయింది. డాక్టరు దగ్గర టీవీ పొద్దస్తమానం వాగుతూనే ఉంటుంది. ప్రపంచం ఇవాళ్టితో సరి అన్నట్టు వస్తుంది ప్రతి వార్తా. మర్నాడు అదే ప్రపంచం సిగ్గు లేకుండా మళ్లీ తెల్లవారుతుంది. ఇంటికొస్తే సీరియల్. అందులో ఒక అత్త మూడు వారాలుగా ఒకే పాయసంలో విషం కలుపుతోంది. దాన్ని ఎవరూ తాగరు, అది చల్లారదు. ఫోన్ తెరిస్తే సాక్షాత్తూ దేవతలే. పదకొండు మందికి పంపకపోతే కీడు అని బెదిరించే దేవతలు. నిజం దేవత ఎక్కడన్నా ఇలా చీటీలు పంచుతుందా అని తారాబాయి గొణుక్కునేది, పంపేది. ఇదంతా లోపలికి పోయి ఎక్కడ కూర్చుంటోంది? వాళ్లుండే చాల్, ఆ వరసగదుల పాత మేడ మీద నీళ్ల ట్యాంకు ఒకటే. అందులో పావురం ఈక పడ్డా, మున్సిపాలిటీ మందు పడ్డా వచ్చేది ఒకే నల్లాలోంచి. తన నోటి సంగతీ అంతేనా?

ఈ ఏడాది ప్రశ్న వానల గురించి కాదు. చాల్ కూలగొట్టి టవర్ కడతామని ఒక బిల్డరు వచ్చాడు. రంగుల బొమ్మ ఒకటి తలుపు దగ్గర అంటించాడు. అందులో మనుషులందరూ కుక్కపిల్లలను తిప్పుతున్నారు. చాల్ వాళ్లు ఎంత వెతికినా తమలో ఒక్కరినీ ఆ బొమ్మలో పోల్చుకోలేకపోయారు. కార్ల పార్కింగ్ ఏడంతస్తులు, దాని నెత్తిన తోట, తోట మూలన పోచమ్మకు 'మందిర్'. పోచమ్మ అంటే పొలిమేర దేవత. నేల మీద నిలబడి కాపలా కాసేది. ఆమెను లిఫ్టులో ఎక్కించడం గురించి శాస్త్రాల్లో ఏమీ లేదు. సగం మంది సంతకాలు పెట్టారు. మిగతా సగం, అమ్మ ఏమంటే అదే అని కూర్చున్నారు.

కనుక అమ్మకు సిఫారసులు మొదలయ్యాయి.

మొదట చాల్ కమిటీ అధ్యక్షుడు శంకర్రావు మిరపకాయ బజ్జీల పొట్లంతో వచ్చాడు. ఆయన టవర్ పక్షం. తపాలా శాఖలో రిటైరైన మనిషి, ఏ వినతి ఏ డబ్బాలో వెయ్యాలో ఎరిగినవాడు.

"వదినె, నేను అమ్మకు నేర్పేటోణ్ణి గాదు. గని అమ్మకు అన్ని ఎరుకుండాలె గద? మొన్న గ్యాలరీ పెచ్చు ఊడి మా మనుమరాలు స్నేహల్ పక్కపొంటి పడ్డది. జర్రంతల తప్పింది. ఇగ అమ్మే సోంచాయించుకోవాలె."

"నాకు చెప్తే అమ్మకు చెప్పినట్టెట్లయితది?" అంది తారాబాయి.

"నీకెందుకు చెప్తున్న? ఊకె ముచ్చట వెడుతున్న," అన్నాడాయన. పొట్లం అక్కడే వదిలి వెళ్లాడు.

రెండో రోజు లచ్చయ్య వచ్చాడు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి మెట్ల కింద అరలో ఉంటూ సెంట్రింగ్ పనికి పోయే మనిషి. బోనాలకు డప్పు అతనిదే. చేతిలో ఏమీ తేలేదు. గడప అవతలే కూలబడ్డాడు.

"అక్కా, నాకు ఇంటి కాయితం లేదు. రేపు ఆ టవర్ లేపేటోణ్ణి నేనే, లోపటికి రానియ్యనిది గూడ నన్నే. అమ్మ వద్దంటే ఆగుతది. నేనేమడుగుతలేను. డప్పు మంచిగ కొడ్త, గంతే."

అతను వెళ్లాక తారాబాయి మిగిలిన బజ్జీలను మయూరి ముందుకు తోసేసింది. కూల్చమని పలికితే లచ్చయ్య రోడ్డు మీద. వద్దని పలికితే, వచ్చే వానకు గ్యాలరీ ఎవరి నెత్తి మీదో. పలికేది అమ్మే అయితే భయం లేదు, ఆమె పాపపుణ్యాలు ఆమె చూసుకుంటుంది. బజ్జీ పలికితే? టీవీ పలికితే?

తారాబాయి దీక్ష పట్టింది. ఉల్లి, వెల్లుల్లి, మాంసం, వార్తలు మానేసింది. డాక్టరు దగ్గర స్టూలును గోడవైపు తిప్పుకుంది. అక్కడ దూదికి కరువు లేదు కనుక చెవుల్లో కుక్కుకుంది. తన గొంతు తనకే వినపడక పేర్లు ఇంకా గట్టిగా పిలిచింది. ఒక ముసలాయన దడుసుకుని పన్ను పీకించుకోకుండానే వెళ్లిపోయాడు. సాయంత్రం ఫాక్‌లాండ్ రోడ్డు పొడవునా ప్రతి కొట్టులోనూ ఒక ఫోన్ వార్తలు చెబుతోంది. ఇంట్లో టీవీ కట్టేస్తే పక్కింటి టీవీ చెక్క గోడలోంచి వచ్చింది. బొమ్మ లేకుండా వింటే ఆ పాయసం మరింత చిక్కగా తోచింది. ఆమె గ్యాలరీలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది, మళ్లీ నడిచింది.

"కూసో అత్తమ్మా, నీ నడకకే పెచ్చులూడతయి," అంది మయూరి.

ఆదివారం వచ్చింది. వాన వచ్చింది. బోనాలు, వేపాకు, పసుపు నీళ్లు, గొడుగులు. తారాబాయి పచ్చి కుండ ఎక్కింది. లచ్చయ్య అన్న మాట ప్రకారం కొట్టాడు. అలాంటి డప్పు ఆ గల్లీ ఇంతకు ముందు వినలేదు.

వేడి ఎక్కలేదు.

అన్నీ వినపడుతున్నాయి. గొడుగుల మీంచి నీళ్లు కారడం, ఎవరో పిల్ల భేల్‌పూరీ కావాలని ఏడవడం. ఎత్తిపట్టిన ఫోన్లన్నీ కనపడుతున్నాయి. పిక్క పట్టేసింది. శంకర్రావు చేతులు జోడించి ముందుకొచ్చాడు.

"తల్లీ, చాల్ కూలగొట్టాల్నా, వద్దా? నీ నోట చెప్పు."

ఊగడం కష్టం కాదు. తన పూనకాన్ని తను ఎన్నడూ చూడకపోయినా, పిల్లలు ఆటకు చేసి చూపిస్తుంటే చూసింది. జుట్టు విదిలిస్తే చాలు, తక్కిన పని జనమే చేసుకుంటారు. ఆమె లచ్చయ్య వైపు చూసింది. అతను తల ఎత్తకుండా డప్పునే చూస్తున్నాడు.

తారాబాయి కుండ దిగింది. డప్పు ఆగింది.

"అమ్మ రాలే," అంది.

"రాకపోవుడేంది?" అన్నాడు శంకర్రావు, రైలు రద్దయిందని విన్న ప్రయాణికుడిలా. "ఇంకోపారి ఎక్కు వదినె. లచ్చయ్యా, జోర్సే కొట్టు!"

"ట్రాఫిక్‌ల ఇరుక్కున్నదేమో," అని వెనకనుంచి ఎవడో అన్నాడు.

"రాలే అంటున్న గద. ఇప్పుడేమన్న చెప్తే అది నా మాట. అమ్మది గాదు."

"నీ మాట ఎవలడిగిన్రు?" అంది గుంపులోంచి ఒక గొంతు. అందులో ద్వేషం లేదు, నిజంగానే సందేహం.

ఆ మాట తారాబాయికి సూటిగా తగిలింది. ముప్ఫై ఏళ్లుగా ఈ గల్లీ అంతా చేతులు జోడించిన నోరు ఇది. ఆ నోటి యజమానిని ఎవరూ ఏమీ అడిగిన పాపాన పోలేదు.

"నేనడుగుతున్న," అంది మయూరి, గొడుగు అత్త మీదికి జరిపి. "అత్తమ్మా, నీకేం గావాలె?"

తారాబాయి కోడలి వైపు తిరిగింది. అమ్మకేం కావాలో, శంకర్రావుకేం కావాలో, లచ్చయ్యకేం కావాలో నెల రోజులుగా తిరగేసి బోర్లేసి ఆలోచించింది. తన సంగతి ఆ వరసలో లేనే లేదు. కొంగుతో మొహం మీది వాన తుడుచుకుంది.

"నాకు ఇంట్ల సండాస్ గావాలె," అంది.

మరుగుదొడ్డి మాట వినగానే గల్లీ గొల్లుమంది.

"నవ్వుండ్రి! ఈ మోకాళ్లు వెట్టుకొని పొద్దుగాల డబ్బా పట్టుకొని గ్యాలరీ కొసదాక పోయి లైన్ల నిలవడుండ్రి, నవ్వొస్తదేమో సూద్దాం. టవరే గావాలె నాకు. గని పోచమ్మ నేల మీదనే ఉండాలె, కార్ల నెత్తి మీద గాదు. ఇగ లచ్చయ్య ఏడికి పోతడో బిల్డరు నోరు తెరిచి చెప్పేదాక నేను సంతకం వెట్ట. గంతే."

నవ్వులు ఆగాయి. శంకర్రావు కళ్లు మూసుకుని ఒకటికి రెండుసార్లు లెక్క వేసుకున్నట్టు కనిపించాడు. టవర్ కావాలన్న ముక్క అందులో స్పష్టంగా ఉంది. ఆయన చేతులు తలపైకెత్తాడు.

"అమ్మ పలికింది!"

"అరె, సండాస్ అడిగే అమ్మోరు ఏడన్న ఉంటదా?" అని ఒకరు.

"ఎందుకుండది? గొంతు మారలేదా? నేను విన్న!" అని ఇంకొకరు.

"లచ్చయ్య ముచ్చట గూడ అమ్మే అన్నది, అది గూడ రాసుకోండ్రి!" అని డప్పు పక్కనుంచి మూడో కేక. అది లచ్చయ్య గొంతే.

"అమ్మ గాదు! నేను! నేనే మాట్లాడిన!" అని తారాబాయి పళ్ల డాక్టరు గుమ్మం దగ్గర కూడా ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది. అంత గొంతు మామూలు మనిషికి ఉండదని మరో పదిమందికి నమ్మకం కుదిరింది. చివరింటి ముసలి లక్ష్మమ్మ గుంపును తోసుకుంటూ వచ్చి ఆమె కాళ్లు పట్టుకుంది.

"పెద్దమ్మా, ఇడువు. నేను తారను."

"తెల్సు తల్లీ," అంది లక్ష్మమ్మ, పట్టు వదలకుండా. "మా మనుమనికి నౌకరి ఎప్పుడొస్తది?"

"నాకేమెరుక!"

లక్ష్మమ్మ దిగులుగా గుంపు వైపు తిరిగింది.

"ఇప్పట్ల రాదట."