మాదిరి పాఠానికి తెచ్చిన పిల్ల

ఐదో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది. మళ్లీ బాన్సువాడ హైస్కూల్లో అడుగుపెట్టింది ఎనభైల్లో, చాయ్ కెటిల్‌తో. ఎండాకాలం సెలవుల్లో సార్లకు అక్కడ శిక్షణ పెట్టారు. సార్లు పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కునికిపాట్లు పడుతుంటే నా ప్రాణానికి హాయిగా ఉండేది.

ఆఖరి రోజు పైనుంచి వచ్చిన పెద్దసారు ముందు ఒకాయన మాదిరి పాఠం చెప్పాలి. సెలవుల్లో పిల్లలెక్కడ దొరుకుతారు? నన్ను తోలారు. వరికోతలకు వచ్చి కాలువ గట్టున గుడిసెలు వేసుకున్న కూలీల పిల్లల్ని పట్టుకొచ్చాను. ముఖాలు కడిగించి ముందు వరుసలో కూర్చోబెట్టారు.

వాన ఎలా కురుస్తుందో పాఠం. సారు అడిగినవాటన్నిటికీ ఒక పిల్ల జవాబు చెప్పింది. పెద్దసారు చప్పట్లు కొట్టి, "ఇలాంటి పిల్ల బడిలో ఉండాలి" అన్నాడు.

మర్నాడు బడిలో ఉండిపోయిన నా చాయ్ గిన్నెలు తెచ్చుకుందామని వెళ్తే, ఆ పిల్ల తల దువ్వుకుని, తాళం వేసిన గది ముందు కూర్చుని ఉంది.

"ఏందే, సార్ల కన్న ముందుగాలనే వచ్చినవ్?"

"సారు బడిల ఉండుమన్నడు గదా అన్నా."

సార్లంతా ఊళ్లకు వెళ్లిపోయారని, బడి వానాకాలంలో తెరుస్తారని చెప్పాను.

"గప్పటికి మేం ఇంకో ఊరు పోతం. నిన్నటి పాఠం నువ్వన్నా ఇంకోసారి చెప్పు."

ఎగతాళి చేద్దామంటే నోరు రాలేదు. చాయ్ పోస్తూ విన్నంత చెప్పడం మొదలుపెట్టాను. నీళ్లు ఆవిరై పైకి పోతాయన్నానో లేదో, వాళ్లమ్మ వచ్చింది.

"చిన్నోన్ని ఎవలెత్తుకుంటరే?" అని రెక్క పట్టి లేపుకుపోయింది.