బుగ్గ గిల్లిన కేసు

మా అక్క కొడుకుని మేమంతా జడ్జి అంటాం. నల్లకోటు వేసుకున్నవాడేం కాదు, హోటల్లో దుప్పట్లు మడతపెట్టేవాడు. కానీ అతని దగ్గర ఒకసారి కేసు నమోదైందంటే కొట్టేయించడం ఏ పై కోర్టు తరమూ కాదు. చిన్నప్పుడు అడక్కుండా అతని బిస్కెట్టు తిన్నందుకు మా పెద్దమ్మ కూతురికి ఇప్పటికీ అతని చేతిమీదుగా మంచినీళ్లు అందవు. ఆవిడకి మనవలు కూడా పుట్టారు. శిక్ష మాత్రం నడుస్తూనే ఉంది.

వయసుతో పాటు బుద్ధి ఎదగదని డాక్టర్లు అతని చిన్నతనంలోనే చెప్పేశారు. కూడబలుక్కుని చదువుతాడు. చిల్లర లెక్కలు రావు. నలుగురూ ఒకేసారి మాట్లాడితే చెవులు మూసుకుంటాడు. ఇలాంటి పెద్దవాళ్లకి ఉద్యోగాలు చూసిపెట్టే సెంటరొకటి మా పేటలో ఉంది. అక్కడి టీచరమ్మ అతన్ని హోటల్ లాండ్రీలో చేర్పించి, మొదట్లో రోజంతా పక్కనే నిలబడి పని నేర్పింది. తర్వాత నాలుగడుగుల దూరంలో నిలబడేది, ఆ తర్వాత గుమ్మం బయట. చివరికి ఎప్పుడైనా వచ్చి తొంగిచూసి పోయేది. “నేను కనబడకుండా పోతేనే నా పని అయినట్టండీ” అనేది.

లాండ్రీ నేలమాళిగలో ఉంటుంది. ఆవిరి, సబ్బు వాసన, మధ్యలో పొడవాటి బల్ల. దుప్పటికి ఆ చివర ఒకావిడ, ఈ చివర జడ్జి. ఇద్దరూ ఒక్కసారి విదిలిస్తే దుప్పటి గాల్లో ఉబ్బి, ఫట్‌మని చదునయ్యేది. ఆ చప్పుడంటే అతనికి ప్రాణం. అతను మడిచిన దుప్పటి అంచుతో గడ్డం గీసుకోవచ్చు. నేను గీసుకున్నాను కూడా.

ఇంతలో కొత్త మేనేజరు వచ్చాడు. చూడ్డానికి పెద్దమనిషే. జడ్జిని చూసిన రోజే బుగ్గ పట్టుకు గిల్లి, “అయ్యో నా బుజ్జికొండ! ఈ వేడిలో పడేశారేమిటి నిన్ను?” అన్నాడు. మర్నాటికల్లా బల్ల దగ్గర్నుంచి తీసుకెళ్లి హోటలు గుమ్మం ముందు నిలబెట్టాడు. ఎర్ర మఖమలు కోటు, చేతిలో గులాబీ. వచ్చినవాళ్లని చూసి నవ్వడమే ఉద్యోగం. వచ్చినవాళ్లు “పాపం” అనేవాళ్లు, ఫొటోలు తీసుకునేవాళ్లు. అవతల లాండ్రీలో ఆవిడ దుప్పటి చివర గడ్డం కింద నొక్కిపెట్టుకుని ఒంటరిగా అవస్థపడేది.

టీచరమ్మ వెళ్లి అడిగింది.

“హాయిగా నిలబడే పనేగా మేడమ్, ఏం కష్టం?” అన్నాడు మేనేజరు.

“అతను హాయి అడగడం లేదండీ, పని అడుగుతున్నాడు.”

“వార్షికోత్సవానికి యజమానురాలు వస్తారు. ఆవిడ ఊ అంటే ఇదే పర్మనెంటు. బాబు అదృష్టం!”

అంటే ఆవిడ ఊ అన్న క్షణం నుంచి ఆ బల్ల ఇక జడ్జిది కాదు.

ఆ సంగతి తెలిసిన రోజు భోజనాల దగ్గర జడ్జి గ్లాసు ఠపీమని పెట్టి, “పగ తీర్చుకుంటాను” అన్నాడు.

“తప్పురా నాన్నా, వదిలెయ్” అంది అక్క.

నన్ను కాన్వెంటులో సిస్టర్లు చదివించారు. శత్రువుని క్షమించాలనే పాఠం చెప్పిన రోజు నాకు జ్వరం. అందుకని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. “అతని కుర్చీలో దురదగొండి పొడి చల్లు. లేకపోతే ఒక చెప్పు దాచెయ్.”

జడ్జి నన్ను జాలిగా చూశాడు. “మామయ్యా, నువ్వెప్పుడు పెద్దవాడివవుతావు?”

అక్క పొరమారేదాకా నవ్వింది.

మర్నాడు వచ్చి, “మామయ్యా, బుగ్గ ఇవ్వు” అన్నాడు. ఇచ్చాను. బొటనవేలు, చూపుడువేలు ఆనించి, మెలితిప్పి లాగాడు. నా కంట్లో చుక్కలు కాదు, ఏకంగా చంద్రుడే కనిపించాడు.

“నొప్పా?”

“చచ్చేంత నొప్పిరా!”

“బాగుంది” అని వెళ్లిపోయాడు. వార్షికోత్సవం దాకా రోజూ ఇదే తంతు. నేను చెప్పిన ఎత్తులన్నీ పనికిరానివైనా, నా బుగ్గ పనికొచ్చింది. వానపడితే ఇప్పటికీ అది సలుపుతుంది.

ఆ రోజు హోటలు హాలంతా నిండిపోయింది. ముందు వరసలో టీచరమ్మతో సెంటరు వాళ్లు, పక్కన అక్కా నేనూ, వెనక గోడవారగా లాండ్రీ వాళ్లు. చేతికర్ర పట్టుకుని యజమానురాలు వేదిక మీద కూర్చుంది. మేనేజరు దయ గురించీ కరుణ గురించీ చాలాసేపు మాట్లాడి, జడ్జిని ముందుకు లాగి, అలవాటుగా బుగ్గ గిల్లాడు. “మా బుజ్జికొండ! ఏదీ, మేడమ్‌గారికి పువ్వివ్వు నాన్నా! అందరూ చప్పట్లు!”

జడ్జి పువ్విచ్చాడు. చెయ్యి కోటుకి శుభ్రంగా తుడుచుకున్నాడు. వెనక్కి తిరిగి మేనేజరు కుడిబుగ్గ పట్టుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు, మెలి, లాగుడు.

“మా బుజ్జికొండ! బాగా మాట్లాడావు నాన్నా! అందరూ చప్పట్లు!”

సెంటరు వాళ్లు చప్పట్లు కొట్టమంటే అరమనసుతో కొట్టరు. హాలు దద్దరిల్లింది. వెనకనుంచి దుప్పట్లావిడ ఈల వేసింది. ఆ బుగ్గ సాగిన సాగుడు చెబితే మీరు నమ్మరు, వేదిక అంచు దాకా వచ్చింది.

“ఏయ్, తియ్ చెయ్యి! ఒళ్లు కొవ్వెక్కిందా?” మేనేజరు గొంతు చీలిపోయింది. “నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా? ముప్ఫై ఎనిమిదేళ్లవాణ్ణి!”

జడ్జి చెయ్యి తియ్యలేదు. “నాకు నలభై ఒకటి” అన్నాడు. “అన్నగారూ అనాలి.”

చప్పట్లు ఆగిపోయాయి. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాం.

యజమానురాలు కర్రతో నేలమీద తట్టింది. “ఇతను ఇక్కడ ఏం పని చేస్తాడు?”

“గుమ్మం దగ్గర నవ్వుతాడండీ” అన్నాడు మేనేజరు, లాగినకొద్దీ వంకరపోతున్న మూతితో.

“నేను నవ్వను” అన్నాడు జడ్జి. “దుప్పట్లు మడుస్తాను. నా బల్ల ఈయన లాక్కున్నాడు.”

ఆవిడ టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ అవునన్నట్టు తలూపింది.

“సరే, రేపట్నుంచి నీ బల్ల దగ్గరికే వెళ్లు.”

“ఇవాళ్టి నుంచే” అని జడ్జి అప్పుడు బుగ్గ వదిలాడు. ఎర్రకోటు విప్పి మేనేజరు భుజాన వేసి, కిందికి వెళ్లే మెట్లవైపు నడిచాడు. దుప్పట్లావిడ వెనకే పరిగెత్తింది. కాసేపటికి నేలమాళిగ నుంచి ఫట్‌మని చప్పుడు వినబడింది.

యజమానురాలి చేతిలో గులాబీ ఇంకా అలాగే ఉంది. దాన్ని మేనేజరుకి అందించి, “గుమ్మం దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా. అతిథులు వెళ్లేదాకా మీరు నిలబడండి” అంది. నిలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ నేను, “పాపం” అన్నాను, బాగా వినబడేట్టు.

ఆ తర్వాత మేనేజరు అతన్ని అన్నగారూ అనే పిలుస్తున్నాడట. బుజ్జికొండ మాట ఆ హోటల్లో ఎవరి నోటా రావడం లేదు. అక్క మెత్తబడి, “పోనీలేరా, నీ బల్ల నీకొచ్చిందిగా. ఇంక ఆ కేసు మూసెయ్” అంది.

జడ్జి తువ్వాలు అంచుకి అంచు కలిపి మడుస్తున్నాడు. “కుడిబుగ్గే అయింది” అన్నాడు.

ఈ మాట నేను ఊరుకోలేక హోటల్ వాచ్‌మన్ చెవిన వేశాను. అప్పట్నుంచి మేనేజరు లాండ్రీకి రావాల్సి వస్తే వెనక మెట్లమీదుగా వస్తాడట, ఎడమబుగ్గకి చెయ్యి అడ్డం పెట్టుకుని.